ఫోను ఒకసారి లేదంది, మరోసారి ఉందంది: అత్తయ్యగారికి ఏమని చెప్పను?

గౌతమి పాయ నడుమ ఉన్న ఒక లంక గ్రామం నుంచి, అక్కడే ఆశా కార్యకర్తగా పనిచేస్తున్న ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక, ఆనవాలు పట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఆమె, ఇద్దరు పిల్లలు, అరవై నాలుగేళ్ల అత్తగారు ఉంటారు. పక్క వాటాలో బావగారి కుటుంబం ఉంటుంది. ఇంటి పెద్ద నిర్ణయాలన్నీ ఆయనవే. అత్తగారికి పదిహేనో ఏట నుంచి లంక పొగాకు చుట్ట అలవాటు. అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో ఉంచుకుని కాల్చడం. ఈ ఏడాది ఒక సంస్థ వాళ్లు వచ్చి ఆశా కార్యకర్తలకు నోటి పరీక్ష నేర్పి, ఫోన్లో ఒక యాప్ వేసి, ఫోనుకు తగిలించుకునే నీలిరంగు దీపం ఒకటి ఇచ్చి వెళ్లారు. శ్రావణంలో ఆమె అత్తగారి నోటిని అరుగు మీద మామూలు వెలుతురులో ఫొటో తీస్తే యాప్ ‘అనుమానం లేదు’ అంది. దసరా నుంచి కారం తగిలితే అంగిలి మండుతోందని అత్తగారు అంటూంటే, కార్తీకంలో నీలి దీపంతో మళ్లీ తీశారు. ఈసారి ‘అనుమానాస్పదం’ అని వచ్చింది. ఫొటోను డాక్టరు చూసి చెబుతారన్న ఆ సంస్థ నుంచి మూడు వారాలైనా కబురు లేదు.

ఈ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడానికి వెనక ఒక కథ ఉంది. వేసవిలో ఇదే యాప్ ఊళ్లో ఒకాయన నోటిని అనుమానించింది. ఆయన ఫొటో కార్యకర్తల వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి ఊళ్లోకి వెళ్లింది. విరిగిన పన్ను కొస ఒరుసుకుని పడిన పుండే తప్ప క్యాన్సర్ కాదని పరీక్షలో తేలేసరికి, ఆయన కూతురికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ‘ఆ పిల్ల తల్లి ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది’ అని రాశారు. ఇక ఆమె ప్రశ్నలు ఇవి. ఫోను ఏ మాట నమ్మాలి? అత్తయ్యగారికి చెప్పాలా, ముందు బావగారికి చెప్పాలా? మళ్లీ పొరపాటైతే తన గతేమిటి? కోత లేకుండా వెలుగుతోనే నయం చేసే యంత్రం వచ్చిందని ఆ సంస్థ వాళ్లు అన్నారు, అది మన వైపు వచ్చేదాకా ఆగవచ్చా?

అమ్మా,

మీ ఉత్తరం మూడో పేజీ చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టుగా ఉన్న ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: ‘అంగిలి మీద తెల్లగా ఉంది గానీ, నడుమ ఒకచోట శనగగింజంత మేర ఎర్రగా, వేలితో తాకితే గరుగ్గా ఉంది.’ ఫోను చెప్పిన రెండు మాటలకన్నా మీ వేలు, మీ కళ్లు చెప్పిన ఈ మాట బరువైనది. తెల్లమచ్చ ఒక్కటే అయితే కొంత తీరిగ్గా మాట్లాడుకునేవాళ్లం. తెలుపులో ఎరుపు కలిసిన మచ్చను, అందులోనూ గరుకుదేలినదాన్ని, నోటి వైద్యులు ఎప్పుడూ తేలిగ్గా తీసుకోరు. అది క్యాన్సర్ అని నేను అనడం లేదు, ఉత్తరం చదివి అలా అనగలవారు ఎవరూ ఉండరు. అది ముక్క పరీక్షకు (బయాప్సీకి) వెళ్లవలసిన మచ్చ అని మాత్రం కచ్చితంగా అంటున్నాను.

ఫోను రెండు మాటలు ఎందుకు చెప్పిందో ముందు చూద్దాం. రెండుసార్లూ అది ఒకే వస్తువును చూడలేదు. శ్రావణంలో అది చూసింది ఒక మామూలు ఫొటోను. అంగిలిని ఫొటో తీయడం బుగ్గనో నాలుకనో తీసినంత సులువు కాదు. మనిషి తల బాగా వెనక్కి వాల్చాలి, లేదా అద్దం పెట్టి తీయాలి, లేకపోతే పై పళ్ల నీడే సగం కమ్మేస్తుంది. ఆ ఫొటోలో మచ్చ పడకపోయి ఉండవచ్చు, అప్పటికి మచ్చే లేకపోయి ఉండవచ్చు. తెర మీద ‘అనుమానం లేదు’ అని రాయించినవారి మీద నాకు కొంచెం కోపంగానే ఉంది. ‘ఈ ఫొటోలో కనబడలేదు’ అని రాయించి ఉంటే మీరు అత్తగారితో ‘ఏం లేదులెండి’ అని ఉండేవారు కాదు.

కార్తీకంలో తీసింది వేరే పద్ధతి. నీలి ఊదా కాంతి పడినప్పుడు ఆరోగ్యంగా ఉన్న నోటి పొర తనంతట తాను లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. కణాల అమరిక మారిన చోట ఆ మెరుపు తగ్గి నల్లగా కనిపిస్తుంది. బెంగళూరు వైద్యులు, అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం ఇంజనీర్లు కలిసి, మామూలు వెలుగునూ ఈ నీలి వెలుగునూ ఒకే ఫోనులో అమర్చి, ఫొటోను కంప్యూటరు చేత చదివించే పరికరాన్ని తయారుచేసి 2018లో వివరాలు ప్రచురించారు. డాక్టరు లేని ఊళ్లలో ఎవరిని ముందుగా పట్నం పంపాలో తేల్చుకోవడానికే ఇలాంటివి పుట్టాయి. చిక్కేమిటంటే, వాచినచోట, ఒరుసుకున్నచోట, కాలినచోట కూడా ఆ మెరుపు తగ్గుతుంది. రోజూ నిప్పు సెగ తగిలే అంగిలిలో వాపు ఏదో, మార్పు ఏదో ఈ దీపం విడదీసి చెప్పలేదు. పైగా ఫొటోలు చదివే కంప్యూటరు తనకు చూపించిన నోళ్లనుంచే నేర్చుకుంటుంది. గుట్కా నమిలేవారి బుగ్గలు చూసి నేర్చుకున్నదానికి అడ్డపొగ అంగిలి కొత్త ఊరే.

వేసవిలో జరిగిన పొరపాటును కూడా ఈ వెలుతురులోనే చూడండి. ఊహకు ఒక లెక్క చెబుతాను. వెయ్యి మంది నోళ్లు చూశామనుకోండి, వారిలో నిజంగా జబ్బున్నవారు ఐదుగురు అనుకోండి. పరికరం వందకు తొంభైసార్లు సరిగ్గా చెప్పేదే అయినా, జబ్బు లేని 995 మందిలో దాదాపు వందమందిని అనుమానిస్తుంది. జబ్బున్న ఐదుగురిలో నలుగురినో ఐదుగురినో పడుతుంది. అంటే అనుమానం ముద్ర పడిన వందమంది చిల్లరలో తొంభై ఐదుమందికి పైగా ఏమీ లేనివారే. ఇది పరికరం చెడిపోవడం కాదు, అరుదైన జబ్బును అందరిలో వెతకడంలో ఉన్న తీరే అంత. ఆ పెద్దాయన విషయంలో పరికరం తన పని తాను చేసింది. తప్పు జరిగింది ఫొటో చేతులు మారినచోట, ‘ఇంకా తేలలేదు’ అన్న మాట ఎవరూ అననిచోట.

అయితే ఈ లెక్కను అత్తయ్యగారికి వర్తింపజేసి ఊరట చెందకండి. ఆమె ఆ వెయ్యిమందిలో ఎవరో ఒకరు కాదు. దాదాపు యాభై ఏళ్ల అడ్డపొగ ఉంది, మంట ఉంది, కంటికి కనిపించే మచ్చ ఉంది. నోటి క్యాన్సర్ మామూలుగా నాలుకకో బుగ్గకో వస్తుంది, గట్టి అంగిలికి రావడం అరుదు. అడ్డపొగ ఉన్నచోట మాత్రం అంగిలే గురి అవుతుంది. మన కోస్తాలోనే, శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు చూసి చేసిన అధ్యయనం 1971లో వచ్చింది. అడ్డపొగకూ అంగిలి మచ్చలకూ ఉన్న సంబంధం అప్పటినుంచీ వైద్యపుస్తకాల్లో ఉన్నదే. తిన్నగా చుట్ట కాల్చేవారికి అంగిలి తెల్లబడి అక్కడక్కడ ఎర్ర చుక్కలు తేలితే, అలవాటు మానగానే అది చాలావరకు సర్దుకుంటుంది. అడ్డపొగ వాళ్ల అంగిలికి ఆ భరోసా ఇవ్వలేం.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఆగి చూడడం ఒకటి. నోట్లో పుండుగానీ మచ్చగానీ కొత్తగా కనిపిస్తే, దాన్ని రేపుతున్న కారణాన్ని తొలగించి రెండు వారాలు చూడమని వైద్యులే చెబుతారు. కానీ ఆ రెండు వారాలు మీరు అప్పుడే ఖర్చుపెట్టేశారు. మంట దసరా నుంచి ఉంది, మచ్చ మీ కంటపడి మూడు వారాలు దాటింది. ఇంకో ఫొటో తీసి, మూడో మాట కోసం చూడడం వల్ల మీకు కలిసివచ్చేది ఏమీ లేదు. ‘లేదు’ అని వచ్చినా ఆ మచ్చ అక్కడే ఉంటుంది.

బావగారికి ముందు చెప్పడం రెండోది. మన ఇళ్లలో సహజంగా తోచేది ఇదే, దాన్ని నేను తప్పుపట్టను. దాని ఫలితం ఎలా ఉంటుందో మీ ఉత్తరంలోనే ఉంది: ‘ఏ మాట చెప్పినా మాసూళ్లు అయ్యాక చూద్దాం అంటారు.’ ఆయన చెడ్డవారని కాదు. ఖర్చు, మనుషులు, రాకపోకలు ఆయన భుజాల మీద ఉన్నాయి గనుక వాయిదా వేయడం ఆయనకు మొదట తోస్తుంది. అంతకన్నా ఇబ్బంది, అత్తయ్యగారి నోటి సంగతి అత్తయ్యగారికి తెలియకముందే తోటికోడలికీ ఇరుగుపొరుగుకూ తెలిసిపోతుంది. ఆమెకు అది రెండో గాయం.

అత్తయ్యగారికే ముందు చెప్పడం మూడోది. నా మొగ్గు ఇటే, దీనికీ ఒక ఖరీదు ఉందని తెలిసే చెబుతున్నాను. ఆమె భయపడి మొండికేయవచ్చు, ‘నా వయసుకు ఇంకెందుకమ్మా’ అనవచ్చు, ‘కోడలు ఫోను పట్టుకుని నాకు లేని రోగం అంటగట్టింది’ అని పెద్దకొడుకుతో అనవచ్చు కూడా. అందుకే చెప్పే తీరు ముఖ్యం. ‘ఫోను చెప్పింది’ అన్న మాటే ఎత్తకండి. అద్దం తెచ్చి, టార్చి వేసి, ఆ మచ్చను ఆమెకే చూపించండి. ‘ఇది మానలేదు అత్తయ్యగారూ, ఎందుకు మానలేదో నాకు తెలియదు, తెలిసినవాళ్లకు చూపిద్దాం’ అనండి. ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. క్యాన్సరా అని ఆమె నేరుగా అడిగితే, ‘అది కాదని తేల్చుకోవడానికే వెళ్తున్నాం, ఒకవేళ అయినా చిన్నగా ఉన్నప్పుడే దొరికినట్టు’ అని చెప్పవచ్చు. అడగకపోతే మీరై ఆ పేరు తేనక్కరలేదు. అడిగినప్పుడు మాత్రం లేదని బొంకవద్దు. తర్వాత ఆమె మీ మాట ఏదీ నమ్మదు.

ఆమె ఒప్పుకున్నాక, ఆమె చేతనే బావగారికి చెప్పించండి. తల్లి అడిగినదాన్ని మాసూళ్లదాకా వాయిదా వేయడం, మరదలు చెప్పినదాన్ని వాయిదా వేసినంత తేలిక కాదు. అదే రోజు మీ ఆయన కువైట్ నుంచి అన్నగారికి ఫోన్ చేసి ‘ఖర్చులో నా వంతు నేను పంపుతాను’ అంటే సగం అడ్డు తొలగుతుంది. మీ ఆయనకు మీరు ఇంతవరకు చెప్పలేదని రాశారు. దూరంలో ఉన్నవారిని కంగారు పెట్టకూడదన్న మీ ఆలోచన అర్థమైంది గానీ, ఆయనా ఆమె కన్నకొడుకే.

మీరు కోడలు, ఆశా కార్యకర్త, రెండూ మీరే కావడం మీ చిక్కులో సగం. అత్తయ్యగారి మటుకు రెండో పాత్ర దించేయండి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) దగ్గరికి ఆమెను కోడలిగా తీసుకువెళ్లండి. ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు చూడాలని 2016 నుంచీ కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి కనుక, అక్కడికి వెళ్లడంలో ఎవరూ వింతగా చూసేది ఏమీ లేదు. అక్కడి నుంచి ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలివైద్య సేవ ద్వారా డాక్టరుతో మాట్లాడించి, పైకి పంపుతూ ఒక చీటీ రాయించుకోవచ్చు. ఈ దారి నెమ్మది, కానీ కాగితం తయారవుతుంది; ఆ కాగితం తర్వాత పనికొస్తుంది. లేదా తిన్నగా కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రికి గానీ, భీమవరం వైపు చుట్టాలు ఉన్నారన్నారు కనుక అక్కడి విష్ణు డెంటల్ కాలేజీకి గానీ వెళ్లవచ్చు. డెంటల్ కాలేజీల్లో నోటి మచ్చలే చూసే విభాగం వేరుగా ఉంటుంది, ముక్క తీయడం వారికి నిత్యకృత్యం. క్యాన్సర్ అని తేలితే అప్పుడు విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్‌కు కోత, రేడియేషన్, కీమోథెరపీ ఉన్నాయి కనుక కార్డు, ఆధార్ మొదటి రోజు నుంచే సంచిలో ఉంచుకోండి.

‘కత్తి తగిలితే పాకుతుంది’ అని మీ వైపు పెద్దలు అంటారని రాశారు. ఈ మాట ఎలా పుట్టిందో ఆలోచిస్తే దాని బలం తగ్గుతుంది. మనవాళ్లు నోరు తెరవలేని స్థితి వచ్చాక, మెడలో గడ్డ తేలాక వెళ్లేవారు. అప్పుడు ముక్క తీసేవారు. జబ్బు అప్పటికే పాకి ఉండడంతో మనిషి నెలల్లో దక్కేవాడు కాదు. చూసినవారికి కత్తి వల్లే పాకినట్టు అనిపించింది. ముక్క పరీక్ష అంటే మత్తు సూది వేసి, కొన్ని మిల్లీమీటర్ల పొర తీసి, సూక్ష్మదర్శిని కింద చూడడం. ఆ పూటే ఇంటికి రావచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందుగా చెప్పాలి, షుగరు, బీపీ మందుల చీటీలు పట్టుకెళ్లాలి. మచ్చ మీద పసుపు, తేనె, నాటుమందు ఏదీ రాయవద్దు. రంగు మారితే చూసేవారు తికమకపడతారు.

ఇక వెలుగు వైద్యం. మీకు చెప్పినవారు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకున్నారు. రోగికి ఒక మందు ఇస్తే అది చెడు కణాల్లో చేరి, వాటిని వెలుగుకు లొంగేలా చేస్తుంది. తర్వాత ఆ చోట ఎర్రటి కాంతి పడితే కణాలు చనిపోతాయి. దీన్ని ఫొటోడైనమిక్ థెరపీ అంటారు. పెద్ద లేజరు యంత్రం బదులు బ్యాటరీతో నడిచే చిన్న ఎల్‌ఈడీ దీపం, మందు చేరిందో లేదో చూడడానికి ఫోను కెమెరా వాడి, అమెరికా శాస్త్రవేత్తలు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైద్యులు కలిసి తొలిదశ నోటి క్యాన్సర్ రోగుల మీద పరీక్షించి చూశారు. కరెంటు నమ్మకం లేని ఊళ్లకు ఇది మంచి ఆశ. కానీ ఎర్రకాంతి ఒంట్లోకి కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది కనుక పలచటి, చిన్న మచ్చలకే పనికొస్తుంది. మచ్చ ఎంత లోతో, అసలు అది ఏమిటో ముక్క పరీక్షే చెప్పాలి. అంటే వెలుగు వైద్యం చేయించుకోవాలన్నా ముందు దాటవలసిన గుమ్మం అదే. దానికోసం ఆగితే, మచ్చ లోతు పెరిగి, ఆ వైద్యానికే పనికిరాకుండా పోవచ్చు. అంగిలి పొర కింద వెంటనే ఎముక ఉంటుంది. పొరవరకే ఉన్నప్పుడు తీసేయడం చిన్న కోత. ఎముకను పట్టాక తీస్తే నోటికీ ముక్కుకూ నడుమ రంధ్రం పడి, తినడానికీ మాట్లాడడానికీ ప్లేటు పెట్టుకోవలసి రావచ్చు.

చుట్ట సంగతి ఈ వారమే ఎత్తవద్దని నా సలహా. ‘నీ చుట్టే నీకు చేటు తెచ్చింది’ అన్న ధ్వని వస్తే ఆమె ఆసుపత్రికే రానంటుంది. పరీక్షకు వెళ్లినచోట డాక్టరు నోట ఆ మాట రానివ్వండి. అప్పుడు ఆమె తిన్నగా కాలుస్తానని బేరం పెట్టవచ్చు. అంగిలికి సెగ తగ్గుతుంది గానీ పొగాకు ఎక్కడికీ పోదు. అయినా అడ్డపొగ అప్పటికప్పుడు ఆగడం ఎంతో కొంత మేలే. యాభై ఏళ్ల అలవాటు మానేటప్పుడు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. 1800-11-2356 అన్న జాతీయ నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే సలహా ఇస్తారు.

మొదటిసారి ‘ఏం లేదు’ అన్నందుకు మీరు మిమ్మల్ని తిట్టుకుంటూ ఒక పేజీ నింపారు. కేరళలో, తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టిన ఒక పరిశీలనలో, వైద్యులు కాని, శిక్షణ పొందిన కార్యకర్తలు ఏ యంత్రమూ లేకుండా కంటితోనే జనం నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్టు 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వాళ్ల పని ఒక్కసారితో అయిపోలేదు, మూడు విడతలు మళ్లీ మళ్లీ చూశారు. మీరూ అదే చేశారు: రెండోసారి చూశారు, అప్పుడు కనిపెట్టారు. ఆ ఊళ్లో మీరు కాక ఇంకెవరు చూసేవారు?

ఆ పరికరాన్ని వాడుతూ ఉండాలా, తిరిగి ఇచ్చేయాలా అని కూడా అడిగారు. ఇచ్చేస్తే మీకు ప్రశాంతత దొరుకుతుంది, ఊళ్లో అడ్డపొగ ఆడవాళ్లను చూసేవారు మాత్రం ఉండరు. ఉంచుకోదలిస్తే సంస్థ వాళ్లను మూడు అడగండి: ఫొటో ఎన్ని రోజుల్లో డాక్టరు చూస్తారు, ఎక్కడ దాస్తారు, వాట్సాప్‌లో పెట్టబోమని రాసిస్తారా. జవాబు రాకపోతే దీపం తిరిగి ఇచ్చి, టార్చి పుచ్చుకుని చూడండి. మీ ఫోన్లో మిగిలిన ఫొటోల్లో అత్తయ్యగారివి రెండూ డాక్టరుకు చూపించడానికి ఉంచి, తక్కినవి సంబంధిత మనుషులకు చెప్పి చెరిపేయండి. ఆ పెద్దాయన ఇంటికి ఒకసారి వెళ్లి, ఫొటో బయటికి పోవడం తప్పేనని చెప్పండి. ఆ తల్లి తలుపు తీయకపోవచ్చు, అయినా వెళ్లండి.

రేవు దాటే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: మంట మొదలైన రోజు, మచ్చ మొదట కనబడిన రోజు, శ్రావణం ఫొటో తేదీ, కార్తీకం ఫొటో తేదీ. ఆసుపత్రి గదిలో ఇవి గుర్తుకు రావు. ముక్క పరీక్ష కాగితం చేతికి వచ్చాక, అందులో ఉన్న మాటలు ఉన్నవున్నట్టుగా ఎక్కించి నాకు మళ్లీ రాయండి.